పాలు విరగకుండా ఇంట్లోనే పండ్ల మిల్క్ టీ

మరుగుతున్న పాల టీలో పండు రసం పోశారంటే రెండు నిమిషాల్లో తెల్లటి తరకలన్నీ పైకి తేలతాయి, కింద గోధుమరంగు నీళ్లు మిగులుతాయి, గిన్నె కాస్తా సింకు పాలవుతుంది. పండ్ల మిల్క్ టీ ఇంట్లో చేద్దామని మొదలుపెట్టి చాలామంది ఆగిపోయేది ఇక్కడే. షాపులో విరగదు కదా, మనకెందుకు విరుగుతోంది అని అడుగుతారు. చాలా షాపుల్లో వేసేది పొడీ, ఎసెన్సే, అసలు పండే లేనప్పుడు విరిగే గొడవ ఎక్కడిది? మనం అసలు పండుతోనే చేసుకుందాం. దానికి ఖరీదైన సామాన్లేమీ అక్కర్లేదు, ఏది ముందు వేయాలి, ఏది చల్లారాక వేయాలి అన్నది తెలిస్తే చాలు.

ఇది ముఖ్యంగా పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి, గుణుపురం, రాయగడ, పార్వతీపురం వైపు ఉండేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎందుకంటే ఈ టీకి పనికొచ్చే పండ్లు మనకి కొదవ లేదు. సీతంపేట ఏజెన్సీ అనాస వానాకాలం మొదట్లో గుట్టలుగా దిగుతుంది, దసరా వైపు సీతాఫలాలు, వేసవిలో సువర్ణరేఖ మామిడి, అదే బరంపురం వైపు సుందరి అంటే ఇస్తారు, ఆ వెనకే పనస, ఏడాది పొడుగునా ఉద్దానం కొబ్బరి. ఇన్ని పెట్టుకుని స్ట్రాబెర్రీ సిరప్ సీసా కొనుక్కోవడం నాకైతే నచ్చదు.

ముందు పాలు ఎందుకు విరుగుతాయో చూద్దాం, ఇది తెలిస్తే మిగతాదంతా మీకే తోస్తుంది. పాలలో కేసిన్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది, పాలకి ఆ తెలుపు రావడానికి ముఖ్యకారణం అదే. మామూలు పాల పీహెచ్ 6.7 దగ్గర ఉంటుంది. పులుపు తగిలి అది 4.6 వైపు జారేకొద్దీ కేసిన్ ఒకదానికొకటి అతుక్కుని గడ్డలవుతుంది. పాలు చల్లగా ఉంటే కొంచెం పులుపుని ఓర్చుకుంటాయి, అదే వేడిగా ఉంటే అంతకంటే తక్కువ పులుపుకే విరిగిపోతాయి. అంటే వేడి, పులుపు రెండూ ఒకేసారి తగలకూడదు. టీలో ఉండే వగరు కూడా పాల ప్రొటీన్‌ని పట్టుకుంటుంది కాబట్టి డికాక్షన్ మరీ మరిగి చేదెక్కితే పని ఇంకాస్త కష్టమవుతుంది.

అనాసతో ఇంకో చిక్కు ఉంది. అందులో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, ప్రొటీన్‌ని ముక్కలు ముక్కలు చేయడమే దాని పని. పచ్చి అనాస, అంటే ఉడికించనిది, ఎక్కువ తింటే నాలుక గీరుకుపోయినట్టు మండుతుంది చూశారా, అందులో దాని చెయ్యి ఉంది. పచ్చి అనాస రసాన్ని చల్లటి పాలలో కలిపినా సరే, వెంటనే విరక్కపోయినా కాసేపటికి చేదొస్తుంది. బొప్పాయిలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. అల్లం సంగతి మీకు తెలిసిందే, పచ్చి అల్లం పాలలో వేస్తే విరుగుతాయని మన ఇళ్లలో ముందు నీళ్లలోనే అల్లం మరగబెట్టి ఆ తర్వాత పాలు పోస్తారు. అనాసకీ అదే మందు. బాగా ఉడికిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, ఇక మిగిలేది పులుపు ఒక్కటే, దాన్ని చక్కెరతో, చల్లదనంతో లొంగదీసుకోవచ్చు.

సరే, ఇక చేద్దాం. ముందు అనాసతో చెబుతాను, అన్నిట్లో మొండిది అదే, అది వచ్చిందంటే మిగతా పండ్లు మీకు ఆట. కొలతలు రెండు పెద్ద గ్లాసులకి, గ్లాసు అంటే 300 మిల్లీలీటర్లు పట్టేది.

మొదట పండు పని. బాగా పండిన అనాస తీసుకోండి. రంగు చూసి మోసపోవద్దు, కాయ అడుగున వాసన చూడండి, తియ్యటి వాసన గట్టిగా వస్తే పండినట్టు, కల్లు వాసన తగిలితే వదిలేయండి. చెక్కు తీసి, కళ్లన్నీ తవ్వేసి, మధ్యలో గట్టి కాండం తీసేసి, చిన్న ముక్కలు 200 గ్రాములు తూచుకోండి, తక్కెడ లేకపోతే ఒక పెద్ద కప్పు నిండా. వీటిని స్టీలు గిన్నెలో వేయండి, సత్తు గిన్నె మాత్రం వద్దు, పుల్లటిది సత్తులో ఉడికిస్తే గిన్నె రుచి దిగుతుంది. పైన 50 గ్రాముల చక్కెర, అంటే పెద్ద స్పూనుతో నాలుగు, చిటికెడు ఉప్పు, ఇష్టముంటే చిన్న దాల్చినచెక్క ముక్క వేసి కలిపి ఓ పది నిమిషాలు పక్కన పెడితే ముక్కల్లోంచి నీరు దానంతటదే ఊరుతుంది, విడిగా నీళ్లు పోయక్కర్లేదు.

ఇప్పుడు సన్నటి మంట మీద మూత పెట్టి ఐదు నిమిషాలు, తర్వాత మూత తీసి ఇంకో పది నిమిషాలు. ఇక్కడ గిన్నె దగ్గరే ఉండి చూడండి. మొదట లేత పసుపు నురుగు పొంగులా వస్తుంది, ముక్కలు ఇంకా తెల్లగా మొద్దుగానే ఉంటాయి, వాసన కూడా ముక్కుకి పుల్లగా తగులుతుంది. కొంతసేపటికి నురుగు అణిగిపోయి బుడగలు పెద్దవై నెమ్మదిగా పగులుతుంటాయి, ముక్కలు అంచుల నుంచి గాజులా మారుతూ వస్తాయి, వాసనలో పులుపు తగ్గి పాకం వాసన మొదలవుతుంది. అప్పుడు ఒక చుక్క పళ్లెంలో వేసి వేలితో గీత గీయండి, గీత వెంటనే కలిసిపోకుండా నిలబడితే అయినట్టు. ముదురుపాకం దాకా పోనివ్వద్దు, అలా చేస్తే చల్లారాక జామ్ అయిపోయి టీలో కరగదు.

చల్లారాక దాల్చినచెక్క తీసేసి మిక్సీలో రెండు తిప్పులు తిప్పండి, జల్లెడలో వేసి గరిటె వెనకతో నొక్కండి. పీచు పైన ఆగిపోతుంది, కింద చిక్కటి రసం ముప్పావు కప్పు దాకా దిగుతుంది. రెండు గ్లాసులకి ఇంత అక్కర్లేదు, మిగిలింది గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు వాడుకోవచ్చు. మూత తీసే ప్రతిసారీ పొడి స్పూనే పెట్టండి. డబ్బాలో వచ్చే అనాస ముక్కలైతే ఫ్యాక్టరీలోనే వేడి చేసి ఉంటారు కాబట్టి ఎంజైమ్ భయం లేదు, మిక్సీ పట్టి వాడేయొచ్చు, కాకపోతే ఆ డబ్బాలో తీపి ముందే ఉంటుంది, చక్కెర చూసుకుని వేయండి.

కొందరు పులుపు చంపడానికి వంటసోడా వేయమంటారు. ఉడికేటప్పుడు గోరుమీద నిలిచేంత వేస్తే పని చేస్తుంది, బుస్సున పొంగి అణుగుతుంది. కానీ రవ్వ ఎక్కువైతే సబ్బు నోట్లో పెట్టుకున్నట్టుంటుంది, పండు రుచి కూడా చప్పబడిపోతుంది. నన్నడిగితే సోడా జోలికి పోకుండా పండు రసం ఒక స్పూను తగ్గించుకోవడం మేలు.

తర్వాత డికాక్షన్. నీళ్లు 300 మిల్లీలీటర్లు తెర్లాక టీ పొడి మూడు టీ స్పూన్లు, అంటే మామూలుగా మీరు వేసుకునే దానికి ఒకటిన్నర రెట్లు. అస్సాం సీటీసీ గుళికల పొడి అయితే దీనికి సరిగ్గా సరిపోతుంది, పాలలోనూ ఐసులోనూ రంగూ రుచీ నిలబడేది అదే. సన్నటి డస్ట్ పొడి అయితే అర స్పూను తగ్గించండి, అది తొందరగా దిగుతుంది. గ్రీన్ టీ, ఖరీదైన డార్జిలింగ్ ఆకు దీనికి వాడటం దండగ, పండూ పాలూ కలిసి వాటిని మింగేస్తాయి. పొడి వేశాక మూడు నిమిషాలు సన్నగా మరగనిచ్చి, స్టౌ కట్టేసి, రెండు నిమిషాలు మూత పెట్టి వడకట్టేయండి. పొడి పిండొద్దు, పిండితే వగరంతా దిగుతుంది. గట్టి టీ కావాలంటే పొడి పెంచాలి తప్ప మరిగే సమయం పెంచకూడదు. మన టీ కొట్ల దగ్గర పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మరిగే డికాక్షన్ వేడి పాలకి బాగుంటుందేమో గానీ పండు దగ్గర మాత్రం చేదెక్కిస్తుంది.

వడకట్టింది 220 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. గది వేడికి చల్లారనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి. తొందరగా ఉంటే గిన్నెని చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టి తిప్పుతూ ఉండండి. ఇంకో మంచి పద్ధతి, డికాక్షన్‌లో సగాన్ని ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి, గ్లాసులో మామూలు ఐసు బదులు ఇవి వేస్తే కరిగేకొద్దీ టీ పల్చబడదు. మే నెలలో మన ఎండకి మామూలు ఐసు వేసిన గ్లాసు తాగడం పూర్తయ్యేలోపు నీళ్లయిపోతుంది కదా.

ఇక పాలు. ఇక్కడ కక్కుర్తి పడొద్దు. ప్యాకెట్ అయితే ఫుల్ క్రీమ్ తీసుకోండి, అందులో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3 శాతమే. నీళ్లపాలతో చేస్తే పండు పులుపు నాలుక మీద విడిగా తెలుస్తుంది, చిక్కటి పాలైతే కప్పేస్తాయి. పాలవాడు పోసే గేదెపాలైతే ఇంకా మంచిది, కాచి, పూర్తిగా చల్లార్చి, మీగడ తీసేసి వాడండి, లేకపోతే ఐసు తగలగానే మీగడ తునకలై స్ట్రాలో అడ్డం పడుతుంది. పాలు తాజావి కావాలి. పొద్దున కాచి బయటే పెట్టేసిన పాలు మధ్యాహ్నానికి నోటికి బాగానే ఉన్నా లోపల పులుపు మొదలై ఉంటుంది, అలాంటివి పండు తగలగానే విరుగుతాయి, మీరేమో పండుని తిట్టుకుంటారు.

రెండు గ్లాసులకి చల్లటి పాలు 200 మిల్లీలీటర్లు, అందులో కండెన్స్‌డ్ మిల్క్ రెండు పెద్ద స్పూన్లు. ఇది తీపికే కాదు, గ్లాసుకి చిక్కదనం ఇస్తుంది, పాలు విరక్కుండా కాస్త అడ్డుకుంటుంది కూడా. అది లేకపోతే రెండు స్పూన్ల పాలపొడిని కాసిని గోరువెచ్చటి పాలలో ఉండలు లేకుండా కలిపి వేసుకుని, తీపికి చక్కెర పాకం పోసుకోండి. బెల్లం వేస్తానంటే మీ ఇష్టం, కానీ బెల్లం టీ సంగతి తెలుసుగా, బెల్లం పడ్డాక పాలు మరిగితే విరిగేది ఎక్కువ. చల్లటి దాంట్లో పాకంగా చేసి పోసుకుంటే పర్లేదు, అనాసకి మాత్రం చక్కెరే నప్పుతుంది.

కలిపే వరస దగ్గర జాగ్రత్త. చల్లటి డికాక్షన్, చల్లటి పాలు, కండెన్స్‌డ్ మిల్క్ మూడూ ఒక జగ్గులో ముందు కలిపేయండి. ఆ తర్వాత చల్లటి అనాస రసాన్ని స్పూను స్పూనుగా వేస్తూ గరిటెతో తిప్పుతూ ఉండండి, గ్లాసుకి మూడు పెద్ద స్పూన్ల లెక్కన మొత్తం ఆరు. పాలలో పండు పడాలి, పండు మీద పాలు పోయకూడదు. ఎందుకంటే రసం మీద పాలు పోస్తే మొదట పడ్డ కాసిని పాలకి పులుపంతా ఒక్కసారి తగిలి అక్కడే తరకలు కడతాయి, పాలలో రసం కొంచెం కొంచెంగా పడితే పులుపు సర్దుకుపోతుంది. వీడియోల్లో అడుగున ఎర్రగా, మధ్యన తెల్లగా, పైన గోధుమరంగులో పొరలు పొరలుగా కనిపించే గ్లాసులు చూసి అలాగే చేయాలనుంటే మామిడితో చేయండి, అనాసతో వద్దు.

గ్లాసులో నాలుగైదు ఐసు ముక్కలు వేసి పోసేయండి. కలిపాక అరగంటలో తాగేయాలి. ఇది పొద్దున చేసి సాయంత్రానికి దాచుకునేది కాదు. డికాక్షన్ విడిగా ఒక రోజు ఉంటుంది, రసం విడిగా వారం ఉంటుంది, కలిపిందంటే మాత్రం దాని టైము దానికి మొదలైనట్టే. మన వైపు వానాకాలంలో కరెంటు గంటలు గంటలు పోతుంటుంది కాబట్టి ఫ్రిజ్‌లో ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, రసం సీసా మూత తీయగానే బుడగలు కనిపించినా పులిసిన వాసన వచ్చినా పారబోయండి.

అనాసంటే ప్రాణం, కానీ పాలతో టెన్షన్ వద్దు అనుకునేవాళ్లకి ఉద్దానం కొబ్బరి ఉంది. కొబ్బరిపాలలో కేసిన్ ఉండదు, అందుకని అనాస పులుపుని అవి చాలా తేలిగ్గా తీసుకుంటాయి, పైగా రుచిలో ఈ రెండిటికీ భలే కుదురుతుంది. ఒక ముదురు కొబ్బరికాయ కోరి, కప్పు గోరువెచ్చటి నీళ్లతో మిక్సీ పట్టి, పల్చటి బట్టలో పిండితే వచ్చే మొదటి పాలే వాడండి. రెండోసారి పిండినవి పల్చన, కూరలో పోసుకోండి. వీటిని స్టౌ మీద మరిగించొద్దు, నూనె తేలిపోతుంది. కొలతలన్నీ పైన చెప్పినవే, డికాక్షన్ మాత్రం పావు వంతు తగ్గించండి, కొబ్బరి వాసన నిలబడాలి. నాకైతే మామూలు పాలతో చేసిన అనాస టీ కంటే ఇదే ఎక్కువ ఇష్టం.

మామిడి సులువు. సువర్ణరేఖ కాయలు మిగతావాటికంటే ముందే దిగుతాయి, రసం ఎక్కువ, వాసన బాగుంటుంది. బాగా మగ్గిన కాయ తీసుకుని ముందు ముక్క తిని చూడండి, టెంక దగ్గర కూడా పులుపు తగలకపోతే ఉడికించే పని లేదు, గుజ్జు మిక్సీ పట్టి, వడకట్టి, నేరుగా చల్లటి పాలలో కలపడమే. టెంక దగ్గర పుల్లగా ఉంటే ఆ భాగం వదిలేయండి, లేదా గుజ్జులో రెండు స్పూన్ల చక్కెర వేసి ఐదు నిమిషాలు ఉడికించండి. గ్లాసుకి నాలుగు స్పూన్ల గుజ్జు, చిటికెడు యాలకుల పొడి. కాయలు లేని రోజుల్లో డబ్బా గుజ్జు వాడొచ్చు, అందులో చాలావరకు తోతాపురి గుజ్జే, అదే మనం కలెక్టర్ కాయ అనేది. తీపి కలిపిన డబ్బానా, కలపందా అన్నది చూసుకోండి.

సీతాఫలానికి మాత్రం ఇప్పటిదాకా చెప్పినదంతా తిరగేయాలి. దాన్ని వేడి చేయకూడదు. వేడి తగిలితే గుజ్జు చేదెక్కుతుంది, ఎంత చక్కెర వేసినా ఆ చేదు పోదు. పులుపు దాదాపు ఉండదు కాబట్టి పాలు విరుగుతాయన్న భయం కూడా లేదు, పచ్చి గుజ్జే చల్లటి పాలలో వేయొచ్చు. కష్టమంతా గింజలతోనే. గుజ్జు, గింజలు కలిపి జల్లెడలో వేసి, చల్లటి పాలు కాసిని పోసి, స్పూను వెనకతో రుద్దుతూ ఉంటే గుజ్జు కిందకి దిగి గింజలు నల్లగా మెరుస్తూ పైన మిగులుతాయి. బద్ధకించి గింజలతో సహా మిక్సీలో వేయొద్దు. గింజ పగిలితే చేదే కాదు, అది విషం కూడా, ఆ పొడి కంట్లో పడితే కంటికే ప్రమాదం. గుజ్జు గాలి తగిలితే నల్లబడుతుంది కాబట్టి గ్లాసులు సిద్ధం చేసుకుని చివర్లో తీయండి. దీనికి డికాక్షన్ కొంచెం తేలిగ్గా, యాలకులు, దాల్చినచెక్క ఏవీ లేకుండా. పండు వాసనే చాలు.

పనసతో వేడి టీ చేసుకోవచ్చు, అదే దాని గొప్ప. తొనలు మెత్తగా పండినవి ఓ ఎనిమిది తీసుకుని, పిక్కలు తీసి కూరకి దాచుకుని, తొనల్ని కాసిని నీళ్లతో మెత్తగా ఉడికించి మిక్సీ పట్టి వడకట్టండి. పులుపు తక్కువ కాబట్టి వేడి పాల టీలో స్టౌ కట్టేశాక రెండు స్పూన్లు కలిపితే చక్కగా కలిసిపోతుంది. వాన పడుతున్నప్పుడు ఐసు టీ ఎవరు తాగుతారు? ఇది తాగండి. కాకపోతే పనస వాసన గిట్టనివాళ్లు ఇంట్లో ఉంటే గిన్నె కూడా వేరేగా పెట్టుకోవాల్సి వస్తుంది.

వేడి టీలో పుల్లటి పండు రుచే కావాలంటే రసం మర్చిపోయి తొక్క పట్టుకోండి. కమలా, నిమ్మల వాసనంతా పైతొక్కలోని నూనెలోనే ఉంటుంది, పులుపేమో లోపలి రసంలో. కమలా తొక్కని గోరువెచ్చటి నీళ్లలో బాగా రుద్ది కడిగి, లోపలి తెల్లటి భాగం గీకేసి, పైన రంగున్నంత మేర సన్నగా తరిగి, టీ పొడితో పాటు నీళ్లలో మరిగించి వడకట్టండి. ఆ తర్వాత వేడి పాలు పోసినా చుక్క విరగదు. ఒక కమలాపండు తొక్కలో సగం రెండు కప్పులకి సరిపోతుంది, ఎక్కువ వేస్తే చేదు.

నేరేడు, ద్రాక్ష, జామ జోలికి పోవద్దని నా సలహా. నేరేడు రంగు చూసి మనసు పడతారు గానీ పండు వగరు, టీ వగరు రెండూ కలిసి నాలుక పట్టేస్తుంది. అరటిపండు విరగదు, బాగానే కలుస్తుంది, కానీ అది టీలా ఉండదు, మిల్క్‌షేక్‌లో టీ పొరపాటున పడ్డట్టుంటుంది.

అడుగున నమిలే గుళికలు కావాలని పిల్లలు అడుగుతారు. అలా గుళికలు వేసిన మిల్క్ టీ పుట్టింది తైవాన్‌లో, 1980లలో. తైచుంగ్‌లోని చున్ షుయ్ తాంగ్, తైనాన్‌లోని హాన్లిన్ అనే రెండు టీ దుకాణాలు మేమంటే మేమే ముందని వాదులాడుకున్నాయి కూడా. అక్కడి గుళికలు కర్రపెండలం పిండితో చేస్తారు. మన సగ్గుబియ్యం కూడా ఆ కర్రపెండలం నుంచి వచ్చేదే, సైజే చిన్నది. అందుకని దొరికినంతలో లావుపాటి సగ్గుబియ్యం తీసుకోండి. కడిగి అరగంట నానబెట్టి, బాగా మరుగుతున్న నీళ్లలో, సగ్గుబియ్యానికి ఎనిమిదింతలు నీళ్లుండేలా చూసుకుని, కలుపుతూ ఉడికించండి. మధ్యలో తెల్లటి చుక్క ఇంకా కనిపిస్తుండగానే స్టౌ కట్టేసి పది నిమిషాలు మూత పెడితే ఆ చుక్క కూడా పోతుంది. చల్లటి నీళ్లలో కడిగి జిగురు వదలగొట్టి, బెల్లం పాకంలో వేసి ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, రాయిలా బిగుసుకుంటాయి, చేసిన పూటే వాడేయాలి.

వేసవిలో అయితే సగ్గుబియ్యం కూడా ఎందుకు, తాటిముంజలు ఉన్నాయి. లేత ముంజల పొర తీసి చిన్న ముక్కలు కోసి మామిడి టీ అడుగున వేయండి, ఏ తైవాన్ గుళికా దీనికి సాటిరాదు. లేత కొబ్బరి ముక్కలు కూడా అనాస కొబ్బరిపాల టీలో బాగుంటాయి. చిన్నపిల్లలకి మాత్రం గుళికలు, ముంజ ముక్కలు ఏవైనా లావు స్ట్రాతో పీల్చనివ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి, స్పూనుతో తినిపించండి. అసలు ఇది గట్టి టీ అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి, బుడ్డాడికి డికాక్షన్ తీసేసి పండూ పాలే ఇవ్వండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా సన్నటి రవ్వలా విరిగితే కంగారు పడక్కర్లేదు, తాగడానికి ప్రమాదమేమీ లేదు. మిక్సీలో ఐసుతో కలిపి గట్టిగా తిప్పితే చాలావరకు కలిసిపోయి నురుగుతో వస్తుంది. పెద్ద గడ్డలు కడితే మాత్రం అది టీగా ఇక పనికిరాదు. మన పక్కనే ఒడియా వాళ్లు పాలని కావాలనే విరగ్గొట్టి ఛెనాపోడా, రసగుల్లా చేసి లోకానికి తినిపిస్తున్నారు, కాబట్టి విరిగిన పాలంటే అంత చులకనేమీ లేదు, టీ గ్లాసులో ఉండకూడదంతే.

ఇంటికి చుట్టాలొచ్చి పదిమందికి చేయాల్సి వస్తే గ్లాసులు చిన్నవి తీసుకోండి. కిలో తూగే అనాసలో చెక్కు, కాండం పోగా అటూ ఇటూగా అరకిలో ముక్కలు వస్తాయి, దానికి 125 గ్రాముల చక్కెర. డికాక్షన్‌కి లీటరు నీళ్లు, పది టీ స్పూన్ల పొడి. పాలు లీటరు ప్యాకెట్, కండెన్స్‌డ్ మిల్క్ సగం డబ్బా. రసం, డికాక్షన్ ముందురోజు రాత్రే చేసి విడివిడిగా ఫ్రిజ్‌లో పెట్టేయండి. పాలూ డికాక్షనూ చుట్టాలొచ్చాక జగ్గులో కలపండి, రసం మాత్రం ఏ గ్లాసుకి ఆ గ్లాసు, ఎవరికి ఎంత కావాలో అడిగి చివర్లో వేసి తిప్పండి. అత్తయ్యకి తీపి తక్కువ కావాలి, బాబాయికి అసలు పండే వద్దంటారు, ఇలా అయితే ఎవరి గొడవా ఉండదు. మిగిలిపోయిన డికాక్షన్ పారబోయొద్దు, ఆ రోజే వేడి చేసి పాలు పోస్తే మామూలు టీ.